ఇల్లు మారితే కబురు చెప్పాలి
(బ్రిటన్‌లో ఇంటి అద్దె సాయం – మన అక్కలకు, చెల్లెళ్లకు తెలియాల్సిన సంగతులు)



మన వార్షికోత్సవ సంచికలో కవితలు ఉంటాయి, హాస్టల్ జ్ఞాపకాలు ఉంటాయి, పోటీ పరీక్షలకు ఎలా చదవాలో చెప్పే వ్యాసాలు ఉంటాయి. ఈసారి నేను కాస్త పొడిగా అనిపించే విషయం ఎంచుకున్నాను. బ్రిటన్‌లో ప్రభుత్వం ఇచ్చే ఇంటి అద్దె సాయం గురించి, ఆ సాయం తీసుకుంటున్నవాళ్లు ఇల్లు మారినా, అద్దె మారినా, ఇంట్లో ఉండే మనుషులు మారినా ఎందుకు తెలియజేయాలి, ఎలా తెలియజేయాలి అన్నదాని గురించి రాస్తున్నాను.

"మాకెందుకమ్మా లండన్ సంగతులు?" అని ఇంటర్ చెల్లెళ్లు అనుకోవచ్చు. ఒకప్పుడు మన హాస్టల్ నుంచి బయటికెళ్లడమంటే జిల్లా కేంద్రం దాకానే. ఇప్పుడు అలా లేదు. నర్సింగ్ చదివి అక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న అక్కలున్నారు. విదేశీ విద్యా పథకాల సాయంతో పీజీ చదవడానికి వెళ్లినవాళ్లున్నారు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతోంది. పెళ్లి చేసుకుని వెళ్లినవాళ్లు, శాశ్వత నివాస అనుమతి పొందినవాళ్లు, అక్కడే పిల్లల్ని కన్నవాళ్లు కూడా ఉన్నారు. వెళ్లేముందు విమాన టికెట్టు, స్వెట్టరు, పచ్చడి డబ్బా గురించి చెప్పేవాళ్లు ఎందరో ఉంటారు. ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. తెలియక జరిగిన చిన్న ఆలస్యం అక్కడ అప్పుగా మారుతుంది. కొందరి విషయంలో వీసా దాకా వెళుతుంది.

అసలు ఈ సాయం ఏమిటి?

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942లో, విలియం బెవరిడ్జ్ అనే ఆయన బ్రిటన్ ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చాడు. జబ్బు, నిరుద్యోగం, ముసలితనం వంటి కష్టాల్లో ప్రజలకు ప్రభుత్వం అండగా ఉండాలన్నది దాని సారం. ఆ నివేదికలోనే ఆయన తేల్చలేక ఇబ్బంది పడిన విషయం ఒకటుంది, అది ఇంటి అద్దె. తిండి ఖర్చు ఊరూరికీ పెద్దగా మారదు గానీ, అద్దె ఊరికో రకంగా ఉంటుంది. అందరికీ ఒకే మొత్తం ఇస్తే ఒకరికి చాలదు, ఇంకొకరికి మిగులుతుంది.

ఈ చిక్కును తీర్చడానికి చాలా ఏళ్లు పట్టింది. 1982లో చేసిన చట్టంతో హౌసింగ్ బెనిఫిట్ అనే పథకం వచ్చింది. 1988లో దాన్ని సరిదిద్దారు. డబ్బు కేంద్ర ప్రభుత్వానిదే అయినా, దాన్ని నడిపేది స్థానిక కౌన్సిల్. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిది అనుకోండి. 2008 ఏప్రిల్ నుంచి ప్రైవేటు అద్దె ఇళ్లకు ప్రాంతాన్ని బట్టి ఒక పరిమితి పెట్టారు. దాని పేరు లోకల్ హౌసింగ్ అలవెన్స్. ఆ ప్రాంతంలో ఎంత అద్దెలు నడుస్తున్నాయో చూసి, ఎన్ని పడకగదులు అవసరమో లెక్కకట్టి, అంతకు మించి ఇవ్వరు. 35 ఏళ్లలోపు ఒంటరి మనిషి ప్రైవేటు ఇంట్లో అద్దెకుంటే, సాధారణంగా నలుగురు పంచుకునే ఇంట్లో ఒక గదికి అయ్యే అద్దె వరకే లెక్కిస్తారు.

2012లో వెల్ఫేర్ రిఫార్మ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం 2013 నుంచి ఆరు రకాల సాయాలను ఒక్కటిగా కలిపి యూనివర్సల్ క్రెడిట్ అనే పథకంలోకి తేవడం మొదలుపెట్టారు. పని వయసులో ఉన్నవాళ్లకు అద్దె సాయం ఇప్పుడు చాలావరకు ఈ యూనివర్సల్ క్రెడిట్‌లో భాగంగానే వస్తుంది. దీన్ని కౌన్సిల్ కాకుండా కేంద్ర ప్రభుత్వ శాఖే నడుపుతుంది. కొత్తగా హౌసింగ్ బెనిఫిట్ అడగగలిగేది ప్రధానంగా పింఛను వయసు దాటినవాళ్లు, కొన్ని రకాల సహాయ వసతి గృహాల్లోనో తాత్కాలిక వసతిలోనో ఉన్నవాళ్లు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే మార్పు ఎవరికి చెప్పాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఎందుకు చెప్పాలి?

మన మెస్ లెక్కతో చెబితే సులువుగా అర్థమవుతుంది. హాస్టల్‌లో 100 మంది ఉన్నారని లెక్కలో ఉంటే 100 మందికి సరిపడా బియ్యం, పప్పు, గుడ్లు వస్తాయి. పది మంది ఇంటికి వెళ్లి నెల రోజులు రాలేదు, హాజరు పట్టీలో మాత్రం ఉన్నట్టే రాశారనుకోండి. తనిఖీకి వచ్చిన అధికారి ఆ పది మంది వాటా ఎక్కడికి పోయిందని అడగకుండా ఉంటాడా? కొత్తగా పది మంది చేరితే, వాళ్ల పేర్లు ఎక్కించకపోతే? ఉన్నదాంట్లోనే అందరికీ పలచగా వడ్డించాలి. లెక్క ఎటు తప్పినా నష్టమే.

అద్దె సాయం కూడా నాలుగు గుంజల మీద నిలబడిన పందిరి లాంటిది. ఎక్కడ ఉంటున్నారు, అద్దె ఎంత, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, సంపాదన ఎంత అన్నవే ఆ నాలుగు. ఒక్క గుంజ కదిలినా పందిరి మళ్లీ సరిచూసుకోవాల్సిందే. అందుకే హౌసింగ్ బెనిఫిట్ నిబంధనల్లో (ఇవి 2006 నాటివి) సాయం పొందుతున్న మనిషే మార్పులు తెలియజేయాలని స్పష్టంగా రాశారు. ఇంటి యజమాని చెబుతాడులే, ఉద్యోగమిచ్చిన కంపెనీ చెబుతుందిలే అనుకోవడానికి లేదు. అద్దె డబ్బు నేరుగా యజమాని ఖాతాలోకి వెళ్తున్నా సరే, చెప్పే బాధ్యత అద్దెకున్నవాళ్లకు ఉంటుంది.

ఏయే మార్పులు చెప్పాలి?

1. ఇల్లు మారడం. పక్క వీధికి మారినా చెప్పాలి. వేరే కౌన్సిల్ పరిధిలోకి మారితే హౌసింగ్ బెనిఫిట్ పాత కౌన్సిల్‌లో ఆపించుకోవాలి. కొత్తచోట ఏ పథకం కింద అడగాలో ముందే కనుక్కోవాలి. పని వయసువాళ్లు అలా మారితే చాలాసార్లు యూనివర్సల్ క్రెడిట్‌లోకి వెళ్లాల్సి వస్తుంది.

2. అద్దె పెరగడం, తగ్గడం. కౌన్సిల్ ఇళ్లలో, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లలో సాధారణంగా ఏటా ఏప్రిల్‌లో అద్దె మారుతుంది. మారిన తేదీ రాగానే కొత్త అద్దె తెలపాలి. కరెంటు, నీళ్లు, హీటింగ్ వంటివి అద్దెలో కలిపి కడుతుంటే ఆ సంగతి కూడా చెప్పాలి.

3. అద్దె ఒప్పందం మారడం. యజమాని మారినా, ఒప్పందంలో ఇంకొకరి పేరు చేరినా, ఉన్న పేరు తీసేసినా మార్పే.

4. ఇంట్లోకి ఎవరైనా రావడం. భర్త, తమ్ముడు, అత్తగారు, స్నేహితురాలు ఎవరైనా సరే. వచ్చినవాళ్లు ఏ హోదాలో ఉంటున్నారన్నది ముఖ్యం. జీవిత భాగస్వామి అయితే ఒక లెక్క. అద్దె ఇవ్వకుండా ఉండే పెద్ద వయసు బంధువు అయితే, వాళ్లు కొంత భరించాలన్న లెక్కతో సాయంలో కొంత కోయవచ్చు. గది అద్దెకిచ్చి డబ్బు తీసుకుంటే ఇంకో లెక్క. అలా వచ్చే అద్దెలో హౌసింగ్ బెనిఫిట్ వారానికి మొదటి 20 పౌండ్లను వదిలి మిగతాది ఆదాయంగా చూస్తుంది. యూనివర్సల్ క్రెడిట్‌లో ఆ డబ్బును ఆదాయంగా చూడరు. అయినా మనిషి చేరిన సంగతి చెప్పాల్సిందే.

5. ఇంట్లోంచి ఎవరైనా వెళ్లిపోవడం. పిల్లలు పెద్దవాళ్లై వేరే వెళ్లినా, భార్యాభర్తలు విడిపోయినా, ఎవరైనా చనిపోయినా. 2013 ఏప్రిల్ నుంచి కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లలో ఉండే పని వయసువాళ్లకు, అవసరానికి మించి ఒక పడకగది ఉంటే లెక్కించే అద్దెలో 14 శాతం, రెండు లేదా ఎక్కువ ఉంటే 25 శాతం కోస్తున్నారు. కాబట్టి ఒక మనిషి వెళ్లిపోతే గది 'ఖాళీ' అయినట్టు లెక్క.

6. ఇంటికి తాళం వేసి వెళ్లడం. మన వాళ్లకు ఇది చాలా ముఖ్యం, కనుక విడిగా చెబుతాను.

ఊరికి వచ్చేటప్పుడు...

అక్క పెళ్లికనో, నాన్న ఆరోగ్యం బాగాలేదనో మన వాళ్లు ఇండియాకు వస్తారు. వచ్చాక రెండు నెలలు ఉండిపోతారు. ఇక్కడ నియమం గట్టిది. హౌసింగ్ బెనిఫిట్ పొందేవాళ్లు బ్రిటన్ దాటి వెళితే సాధారణంగా 4 వారాల వరకే సాయం కొనసాగుతుంది. 2016కు ముందు 13 వారాల దాకా వెసులుబాటు ఉండేది, ఆ ఏడాది జులైలో తగ్గించారు. దేశం లోపలే వేరేచోట ఉంటే ఇప్పటికీ 13 వారాలు. యూనివర్సల్ క్రెడిట్‌లో విదేశీ ప్రయాణానికి ఒక నెల గడువు. భార్య లేదా భర్త, బిడ్డ, దగ్గరి బంధువు చనిపోయిన సందర్భంలో తిరిగి రావడం కష్టమైతే ఈ గడువును పొడిగించే అవకాశం రెండింటిలోనూ ఉంది. హౌసింగ్ బెనిఫిట్‌లో ఇంకో 4 వారాలు, యూనివర్సల్ క్రెడిట్‌లో ఇంకో నెల.

గమనించండి, మొదటి నుంచే రెండు నెలలు ఉండాలని టికెట్టు కొనుక్కుని వెళితే, మొదటి నెలకు కూడా సాయం దక్కకపోవచ్చు. ఎంతకాలం వెళ్దామనుకున్నారన్నది కూడా చూస్తారు. అందుకే టికెట్టు బుక్ చేసుకునే ముందే ఈ లెక్క చూసుకోవాలి. వెళ్లే తేదీ, వచ్చే తేదీ ముందుగా రాసి తెలపాలి. దశదిన కర్మ అయ్యేదాకా ఉండాల్సి వస్తే, ఆ సంగతి అక్కడి నుంచే వెంటనే తెలపాలి.

ఎప్పుడు, ఎలా చెప్పాలి?

హౌసింగ్ బెనిఫిట్ అయితే కౌన్సిల్‌కు. చాలా కౌన్సిళ్లలో వెబ్‌సైట్‌లోనే మార్పు తెలిపే ఫారం ఉంటుంది. ఉత్తరం రాయవచ్చు, వెళ్లి ఇవ్వవచ్చు. యూనివర్సల్ క్రెడిట్ అయితే మన పేరున ఉన్న ఆన్‌లైన్ ఖాతాలో మార్పు నమోదు చేయాలి. అందులోనే 'జర్నల్' అని ఒక భాగం ఉంటుంది. అధికారితో మన సంభాషణ అంతా అందులో తేదీలతో సహా నిలిచిపోతుంది. కంప్యూటర్ చేతకానివాళ్లకు ఫోన్ సదుపాయం ఉంది. ఇంగ్లీషు రాని అత్తగారికో అమ్మకో దుభాషి కావాలని అడగవచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఒక ఆఫీసుకు చెబితే అన్ని ఆఫీసులకూ చెప్పినట్టు కాదు. యూనివర్సల్ క్రెడిట్‌లో చిరునామా మార్చినంత మాత్రాన కౌన్సిల్ వాళ్ల కౌన్సిల్ ట్యాక్స్ లెక్క మారదు. ఆ పన్నులో రాయితీ ఇచ్చే పథకం 2013 నుంచి ఏ కౌన్సిల్‌కు ఆ కౌన్సిల్ విడిగా నడుపుతోంది. కాబట్టి రెండు చోట్లా చెప్పాలి.

గడువు విషయం ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక అక్క యూనివర్సల్ క్రెడిట్ పొందుతోంది అనుకుందాం. యూనివర్సల్ క్రెడిట్‌ను నెలనెలా లెక్కిస్తారు. ఆ అక్కకు ప్రతి నెలా 10వ తేదీన మొదలై, వచ్చే నెల 9న ముగుస్తుంది. ఆమె 5వ తేదీన 600 పౌండ్ల ఇంటి నుంచి 750 పౌండ్ల ఇంటికి మారింది. రెండు అద్దెలూ ఆ ప్రాంత పరిమితి లోపలే ఉన్నాయి.

ఆమె 6వ తేదీనే ఆన్‌లైన్‌లో చెప్పింది. అప్పుడు ఆ లెక్క నెల మొత్తానికీ కొత్త అద్దె 750 లెక్కలోకి వస్తుంది. ఇల్లు మారింది నెల చివర్లో అయినా సరే.

అదే ఆమె సామాను సర్దుకునే హడావుడిలో ఉండి 12వ తేదీన చెప్పింది. మార్పు జరిగిన లెక్క నెల 9తో ముగిసిపోయింది కదా! ఇప్పుడు కొత్త అద్దె 10వ తేదీ నుంచే లెక్కిస్తారు. ముందు నెలకు పాత అద్దే. ఆరు రోజుల ఆలస్యానికి 150 పౌండ్లు పోయాయి. ఆలస్యానికి తగిన కారణం చూపితే పరిశీలిస్తారు గానీ, ఒప్పుకుంటారన్న హామీ లేదు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఆమె 750 ఇంటి నుంచి 600 ఇంటికి మారింది, ఆరు నెలలు చెప్పలేదు. అప్పుడు కొత్త లెక్క చెప్పిన రోజు నుంచి కాకుండా, ఇల్లు మారిన లెక్క నెల నుంచే వర్తిస్తుంది. నెలకు 150 చొప్పున ఆరు నెలలకు 900 పౌండ్లు ఆమె నెత్తిన అప్పు. ఆ డబ్బు తిండికీ బట్టకూ ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది.

నియమంలోని ఒడుపు ఇదే. మనకు లాభం వచ్చే మార్పు ఆలస్యంగా చెబితే వెనకటి డబ్బు రాదు. మనకు తగ్గే మార్పు ఆలస్యంగా చెబితే వెనకటి డబ్బు అంతా కట్టాలి. రెండు వైపులా నష్టం మనదే. హౌసింగ్ బెనిఫిట్‌లోనూ ఇంతే, అక్కడ సాధారణంగా ఒక నెల గడువు ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇల్లు మారేటప్పుడు ఇంకో సంగతి. పాత ఇంటికి నోటీసు గడువు ఉండి, కొత్త ఇంటికి కూడా అద్దె కట్టాల్సి వస్తే, తప్పనిసరి పరిస్థితిలో హౌసింగ్ బెనిఫిట్ 4 వారాల దాకా రెండింటికీ సాయం చేయవచ్చు. యూనివర్సల్ క్రెడిట్‌లో మామూలుగా ఒక్క ఇంటికే. అయితే ఇంట్లో హింసకు భయపడి బయటికి వచ్చిన స్త్రీకి, తిరిగి ఆ ఇంటికి వెళ్లే ఉద్దేశం ఉన్నప్పుడు, కొంతకాలం రెండు ఇళ్లకూ అద్దె సాయం ఇచ్చే ఏర్పాటు రెండు పథకాల్లోనూ ఉంది. దెబ్బలు తింటూ ఇంట్లోనే ఉండిపోవడానికి అద్దె ఒక కారణం కాకూడదు. ఈ ఒక్క వాక్యం ఏ అక్కకైనా పనికొస్తే నా వ్యాసం వృథా కానట్టే.

చెప్పకపోతే ఏమవుతుంది?

మొదటిది, ఎక్కువ వచ్చిన డబ్బు తిరిగి కట్టాలి. వచ్చే సాయంలోంచి కొంచెం కొంచెం కోస్తారు. సాయం ఆగిపోయి ఉంటే జీతంలోంచి కూడా రాబట్టుకోగలరు.

రెండోది, అజాగ్రత్త వల్ల చెప్పలేదని తేల్చితే 50 పౌండ్ల జరిమానా. ఇది 2012 అక్టోబరు నుంచి ఉంది.

మూడోది, కావాలని దాచారని భావిస్తే కేసు పెట్టవచ్చు. కేసుకు బదులుగా జరిమానా కట్టమని కూడా అడగవచ్చు. ఆ జరిమానా ఎక్కువ తీసుకున్న మొత్తంలో సగం, కనీసం 350 పౌండ్లు, గరిష్ఠంగా 5,000 పౌండ్లు. దీన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది సలహా తీసుకున్నాకే నిర్ణయించుకోవాలి. నిజాయితీ లేకుండా దాచినట్టు కోర్టులో రుజువైతే జైలు కూడా ఉంటుంది. తీవ్రమైన కేసుల్లో 7 ఏళ్ల దాకా.

ఇంత చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. హక్కులు కూడా ఉన్నాయి. కౌన్సిల్ పొరపాటు వల్లే ఎక్కువ డబ్బు వచ్చి, అది ఎక్కువని మనకు తెలిసే అవకాశం లేకపోతే, హౌసింగ్ బెనిఫిట్‌లో ఆ డబ్బు తిరిగి అడగకూడదు. యూనివర్సల్ క్రెడిట్‌లో మాత్రం తప్పు ఆఫీసుదైనా తిరిగి రాబట్టే అధికారం చట్టం ఇచ్చింది. అప్పుడు కూడా కష్టం చెప్పుకుని వాయిదా తగ్గించమని అడగవచ్చు. హౌసింగ్ బెనిఫిట్ అప్పు లెక్కించేటప్పుడు, సరిగ్గా చెప్పి ఉంటే ఆ కాలానికి ఎంత దక్కేదో అది మినహాయించాలి. చాలామందికి ఈ సంగతి తెలియక మొత్తం కట్టేస్తారు. ఉత్తరం రాగానే ఒక నెలలోపు పునఃపరిశీలన కోరవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, దానికి ఫీజు లేదు.

విద్యార్థి వీసా మీద వెళ్లే చెల్లెళ్లకు

ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చదవండి. విద్యార్థి వీసా మీద, చాలా రకాల ఉద్యోగ వీసాల మీద వెళ్లినవాళ్లకు ప్రభుత్వ నిధుల నుంచి సాయం పొందకూడదనే షరతు ఉంటుంది. హౌసింగ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్, కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ అన్నీ ఆ జాబితాలోనివే. ఎవరో స్నేహితురాలు తీసుకుంటోంది కదా అని దరఖాస్తు పెడితే అది వీసా షరతును అతిక్రమించడమే. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, పిల్లలకు ప్రభుత్వ బడి ఆ జాబితాలో లేవు. అవి వాడుకున్నంత మాత్రాన భయపడక్కర్లేదు.

మరి మనకు సాయం లేనప్పుడు ఈ నియమాలతో పనేమిటి? పని ఉంది. మనం ఎవరి ఇంట్లో గది తీసుకుంటామో వాళ్లు సాయం పొందుతుండవచ్చు. మనం చేరిన సంగతి వాళ్లు తెలియజేయాలి. "నీ పేరు ఎక్కడా చెప్పను, నువ్వూ ఎవరికీ చెప్పకు" అని యజమానురాలు అంటే అది మనకు చేసే మేలు కాదు. రేపు మన చిరునామా రుజువు బ్యాంకుకో యూనివర్సిటీకో కావాల్సినప్పుడు ఇబ్బంది మనకే. ఒంటరిగా ఉండేవాళ్లకు కౌన్సిల్ ట్యాక్స్‌లో 25 శాతం తగ్గింపు ఉంటుంది. పూర్తికాలం చదివే విద్యార్థిని ఆ లెక్కలో పెద్దమనిషిగా చూడరు కాబట్టి, మనం చేరినా ఆ తగ్గింపు పోకపోవచ్చు. యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి ధ్రువపత్రం ఇస్తే సరిపోతుంది. అంటే దాచాల్సిన అవసరమే లేని చోట భయంతో దాస్తున్నారన్నమాట!

అలాగే శాశ్వత నివాసం ఉన్న అక్క ఇంటికి, ఆ షరతు ఉన్న వీసా మీద భర్త వచ్చాడనుకుందాం. ఆయన వచ్చిన సంగతి అక్క తప్పక చెప్పాలి. యూనివర్సల్ క్రెడిట్‌లో ఆమెకు ఒంటరి మనిషి లెక్కనే సాయం ఇస్తారు, కానీ ఆయన సంపాదన మాత్రం లెక్కలోకి వస్తుంది. ఆయన కారణంగా అదనపు సాయం తీసుకోకూడదు. ఇలాంటి మిశ్రమ కుటుంబాల విషయంలో సొంత నిర్ణయాలు వద్దు. సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ 1939 నుంచి ఉచితంగా సలహాలిస్తోంది. వీసా సంగతులకు మాత్రం అనుమతి ఉన్న సలహాదారునే అడగాలి, వాట్సాప్ గ్రూపును కాదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా లండన్‌లో చదువుకునేటప్పుడు పరాయి ఇంట్లో గది తీసుకునే ఉన్నారు. 1921–22లో ఆయన ఉన్న 10, కింగ్ హెన్రీస్ రోడ్ ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొన్నది. ఆ రోజుల్లో అద్దెకున్న విద్యార్థికి ఇన్ని నియమాలూ లేవు, ఇన్ని రక్షణలూ లేవు. మనకు రెండూ ఉన్నాయి. నియమం తెలిస్తేనే రక్షణ అక్కరకొస్తుంది.

ఇక్కడ మనకూ వర్తించేది

ఈ నీతి లండన్‌కే కాదు. మన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ చూడండి. కేంద్రం 2021లో సవరించిన ఎస్సీ మార్గదర్శకాల్లో మామూలు డిగ్రీ, పీజీ చదివేవాళ్లకు హాస్టల్‌లో ఉంటే ఏడాదికి 6,000, ఇంటి నుంచి వెళ్లి చదివితే 3,000 రూపాయలు. ఇంటర్ స్థాయికి 4,000, 2,500. హాస్టల్ వదిలి బయట గదికి మారితే లెక్క మారుతుంది. తప్పుడు వివరాలతో తీసుకున్నట్టు తేలితే స్కాలర్‌షిప్ రద్దు చేసి, ఇచ్చిన డబ్బు రాబట్టవచ్చు. ఎక్కడైనా సూత్రం ఒక్కటే.

డిగ్రీలో చేరినప్పుడు నేను హాస్టల్, కాలేజీ, బ్యాంకు ఖాతా మూడూ మారాను. మూడు మార్పులూ కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. అప్పుడు గుమాస్తా "ఇంత చిన్నదానికి ముద్ర ఎందుకమ్మా" అని విసుక్కున్నాడు. ఏడాది పాటు డబ్బు రాలేదు. "నువ్వు చెప్పనేలేదు" అన్నారు. ముద్ర ఉన్న నకలు తీసి చూపిస్తే మాట మారింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. మా అమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. అందుకే ఆఫీసులో నోటిమాటకు విలువ ఎంతో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పెద్దింటి వాళ్లకు చెప్పుకోవడానికి మనుషులుంటారు. మనకు ఉండేది ఆ కాగితం ముక్కే.

చివరిగా గుర్తుంచుకోవాల్సినవి

– మార్పు జరిగిన రోజే చెప్పండి. రేపు అనుకుంటే నెల దాటిపోతుంది.
– రాతలో చెప్పండి. ఫోన్‌లో చెబితే తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు నోట్‌బుక్‌లో రాసుకోండి.
– పాత అద్దె ఒప్పందం, కొత్త ఒప్పందం, అద్దె కట్టిన రసీదులు, తాళం అప్పగించిన తేదీ రుజువు ఒక ఫైలులో ఉంచండి.
– చెప్పాక కూడా పాత మొత్తమే వస్తుంటే, ఆ తేడా డబ్బు ఖర్చు పెట్టకుండా పక్కన ఉంచి మళ్లీ రాయండి.
– సందేహం ఉంటే చెప్పడమే మేలు. అక్కర్లేని మార్పు చెప్పినందుకు ఎవరూ జరిమానా వేయరు.

సర్కారు సాయం తీసుకోవడం తలవంపు కాదు చెల్లెళ్లారా! మనందరం సర్కారు బియ్యం తిని, సర్కారు దుప్పటి కప్పుకుని చదువుకున్నవాళ్లమే. ఆ సాయం మన హక్కు. హక్కును నిలబెట్టుకోవాలంటే లెక్క మన వైపు సరిగ్గా ఉండాలి. బ్రిటన్‌లో ఉన్న అక్కలు ఈ వ్యాసంలోని సంగతులకు తమ అనుభవాలు జోడించి వచ్చే సంచికకు రాస్తే, తర్వాత వెళ్లే చెల్లెళ్లకు దారి ఇంకొంచెం సులువవుతుంది.

– పీజీ ద్వితీయ సంవత్సరం విద్యార్థిని, హాస్టల్ పూర్వ విద్యార్థిని